చదివావు సరే, అర్థమయిందా?



పరీక్షలు దగ్గరపడ్డాయంటే మన ఇళ్ళల్లో వాతావరణమే మారిపోతుంది. టీ.వీ. నోరు మూస్తుంది. సెల్‌ఫోను బీరువా ఎక్కుతుంది. ముందుగదిలో పిల్లవాడు తెలుగు వాచకం పట్టుకుని గడగడా చదువుతూంటాడు. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపిస్తూంటే "ఫరవాలేదు, చదువుతున్నాడు" అని మనం నిశ్చింతగా పోపు వేసుకుంటాం. చదువుతున్న మాట నిజమే. కాని, చదివేది వాడికి అర్థమవుతోందా? మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలున్న తల్లులతో ఈ సంగతే కొంచెం మాట్లాడుకుందామని ఇవాళ మీ ముందుకు వచ్చాను. నా చదువు పదో తరగతితో ఆగింది. ఈ పనికి అంతకన్నా పెద్ద చదువు అక్కర్లేదని చెప్పడానికే ఆ మాట చెబుతున్నాను.

ముందుగా ఒక తమాషా చూడండి. ఈ రెండు వాక్యాలు వినండి: "డుంబిలం తబ్బెర మీద కూర్చుని మూడు లుక్కెలు గిసికింది. సాయంత్రానికి వాటిని చొంబిలో దాచింది." ఇప్పుడు నా ప్రశ్నలకు జవాబులు చెప్పండి. డుంబిలం ఎక్కడ కూర్చుంది? తబ్బెర మీద. ఎన్ని లుక్కెలు గిసికింది? మూడు. వాటిని ఎక్కడ దాచింది? చొంబిలో. భేష్, మూడుకి మూడు మార్కులు! ఇంతకీ డుంబిలం అంటే ఏమిటి? జంతువా, పిట్టా? లుక్కెలు తినేవా, తొడుక్కునేవా? మీకూ తెలియదు, నాకూ తెలియదు. అవన్నీ నేను కల్పించిన మాటలు. ఒక్క ముక్క అర్థం కాకుండానే మనకు పూర్తి మార్కులు వచ్చేశాయి!

మన పిల్లల్లో చాలామంది చేస్తున్నది ఇదే. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతుకుతారు. ఆ వాక్యానికి పెన్సిలుతో బ్రాకెట్టు పెట్టుకుంటారు. దాన్నే బట్టీపట్టి పరీక్షలో దింపేస్తారు. మార్కులు వస్తాయి, మనమూ సంతోషిస్తాం. పై తరగతికి వెళ్ళాక, "కింది పేరాను చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి" అంటూ ఎన్నడూ చూడని గద్యం ఇచ్చేసరికి చేతులెత్తేస్తారు. అప్పుడు మనకు గాభరా పుడుతుంది. తెలుగు ఒక్కటే కాదు, లెక్కల్లోనూ అంతే. కూడికా తీసివేతా అన్నీ వచ్చిన పిల్లవాడికి, నాలుగు వాక్యాల్లో లెక్క ఇస్తే ఏం చెయ్యాలో తోచదు. అక్కడ తెలియనిది లెక్క కాదు, వాక్యం.

ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి "అసర్" అన్న పేరుతో మన దేశంలో పల్లెల్లోని ఇళ్ళకు వెళ్ళి పిల్లల చేత చదివించి చూస్తోంది. 2024 నివేదిక ప్రకారం అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 48.8 మంది. అంటే సగం కూడా లేరు. "అవి పల్లెల లెక్కలు, మనది పట్నం కదా" అనుకోకండి. అక్కడ చూసింది పాఠాన్ని పైకి చదవగలరా లేదా అన్నదే. అర్థం చేసుకోవడం దాని తర్వాతి మెట్టు. గడగడా చదివే మన పట్నం పిల్లలు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతున్నారేమో చూసుకోవలసిన పని మనది. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన "నిపుణ్ భారత్" పథకానికి ఇంగ్లీషులో ఉన్న పూర్తి పేరులోనే "అర్థంతో చదవడం" అన్న మాట చేర్చారు. అంటే చదవడం వేరు, అర్థంతో చదవడం వేరు అని పెద్దవాళ్ళూ గుర్తించారన్నమాట.

మరి అర్థమయిందో లేదో తల్లికి తెలిసేదెలా? మూడు రకాల ప్రశ్నలు వేసి చూడండి. మొదటిది, జవాబు పాఠంలో రాసి ఉన్న ప్రశ్న. రెండోది, రాసి ఉండదు కాని రెండు మూడు వాక్యాలు కలుపుకుంటే తెలిసే ప్రశ్న. మూడోది, పిల్లవాడు తన బుర్రతో ఆలోచించి కారణంతో చెప్పవలసిన ప్రశ్న. నేను రాసిన ఈ చిన్న కథతో చూద్దాం.

"మధ్యాహ్నం నుంచీ సీతమ్మ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె కళ్ళు కాయలు కాశాయి. సందు మలుపులో నల్లగొడుగు కనిపించగానే గబగబా లోపలికి వెళ్ళి పొయ్యిమీద పాలు పెట్టింది. రాజు తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి, ఖాళీ సంచీ కొక్కేనికి తగిలించాడు. 'బియ్యం ఏవిరా?' అంది. రాజు నీళ్ళు నమిలాడు."

సీతమ్మ ఎక్కడ నిలబడి ఉంది? ఇది మొదటి రకం. వీధి గుమ్మంలో అని ఎవరైనా చెబుతారు. వాన పడుతోందా? ఇది రెండో రకం. కథలో వాన అన్న మాటే లేదు. గొడుగు ఉంది, తడిసిన చెప్పులు ఉన్నాయి. రెండూ కలుపుకుంటే వాన కనిపిస్తుంది. రాజు బియ్యం తెచ్చాడా? తేలేదు, సంచీ ఖాళీ. "బియ్యం ఏవిరా" అన్నది ఎవరు? పేరు రాయలేదు, కాని "అంది" అని ఉంది కనుక రాజు కాదు, సీతమ్మే. ఆవిడ రాజుకి పెద్దదా చిన్నదా? "ఏవిరా" అన్న మాటలో ఆ జవాబు ఉంది. "ఏవండీ" అని ఉంటే కథే మారిపోయేది. మన భాషలో ఒక్క "రా", ఒక్క "అండీ" ఎంత సంగతి చెప్పేస్తాయో చూశారా! ఇవి పిల్లలకు నోటిమాటలో తెలుసు. పుస్తకంలో కనిపించినప్పుడు మాత్రం పట్టించుకోరు. మనం వేలుపెట్టి చూపించాలి.

ఈ రెండో రకం దగ్గర ఒక్క మాట మరిచిపోకండి. పిల్లవాడు జవాబు చెప్పగానే "కరెక్ట్" అని వదిలెయ్యకండి. "నీకెలా తెలిసింది?" అని అడగండి. తప్పు చెప్పినా ఆ మాటే అడగండి. ఏ వాక్యం చూసి అలా అనుకున్నాడో వేలితో చూపించమనండి. చూపిస్తున్నప్పుడే చాలాసార్లు తన పొరపాటు తనకే తెలుస్తుంది. మనం కసరనక్కర్లేదు.

ఇక మూడో రకం. రాజు బియ్యం ఎందుకు తేలేదంటావు? "వానకి కొట్టు మూసేశారు" అంటాడు పిల్లవాడు. బాగానే ఉంది. అప్పుడు మెల్లగా అడగాలి, "కొట్టు మూసేస్తే ఆ మాటే చెప్పొచ్చుగా, నీళ్ళు నమలడమెందుకు?" అని. ఇక్కడే అసలు చిక్కు బయటపడుతుంది. "దాహం వేసిందేమో!" అంటారు పిల్లలు. నవ్వకండి. మాటకు మాట అర్థం చెబితే అది సరైన జవాబే. నీళ్ళు నమలడమంటే జవాబు చెప్పలేక తటపటాయించడమని తెలిసిన పిల్లవాడికి, రాజు ఏదో దాస్తున్నాడని తడుతుంది. డబ్బులు పారేసుకున్నాడా? ఏ చిరుతిండికో ఖర్చుపెట్టేశాడా? అప్పుడు కథ కదులుతుంది. ఒక్క జాతీయం తెలియకపోతే కథంతా చప్పబడిపోతుంది, చూడండి.

అందుకే అవగాహన ఒక పక్క, జాతీయాలూ సామెతలూ మరో పక్క అని విడదీసి చదివిస్తే లాభం లేదంటాను. మా మేడమీద వాటాలో ఒక కుటుంబం ఉంటుంది. ఆయన ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు నాగపూర్‌లో ఉండి వచ్చారు. వాళ్ళ అమ్మాయి నాలుగో తరగతి. చదవమంటే ఎక్కడా తడబడకుండా చదువుతుంది. ప్రశ్న అడిగితే మాత్రం మొహం వేలాడేస్తుంది. తల్లి విసుగెత్తి "మా పిల్ల మొద్దు వదినగారూ, దీనికి చదువు రాదు" అని ఆ పిల్ల ఎదురుగానే అంటూండేది. ట్యూషను పెట్టించడానికి మాట్లాడుకున్నారు కూడా. పది రోజులు నా దగ్గరికి పంపించమన్నాను. రెండో రోజుకే సంగతి తెలిసింది. పిల్ల మొద్దు కాదు. ఇంట్లో హిందీ, ఇంగ్లీషు, కొంచెం తెలుగు. అమ్మమ్మా, నానమ్మా దగ్గర లేరు. "తలలో నాలుక" అన్న మాట ఆ పిల్ల చెవిని ఎన్నడూ పడలేదు. పడని మాట పుస్తకంలో ఎదురైతే ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది?

ఆ అమ్మాయితో చేసినదే మీకు చెబుతాను. కొత్త పాఠం ఏదీ చెప్పలేదు. బడిలో అయిపోయిన పాఠాలే తిరగేశాం. రోజుకి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు.

మొదటి మూడు రోజులూ రోజుకొక పాఠం. చదివాక పుస్తకం మూసేసి, కథని అయిదు వాక్యాల్లో సొంతమాటల్లో చెప్పాలి. పుస్తకం మాటలు రాకూడదు. ఆ తర్వాత మూడు రకాల ప్రశ్నలు. అంతే.

తర్వాత రెండు రోజులు పోలికల వేట. దీనికి పుస్తకం కన్నా వంటిల్లు మేలు. "మల్లెపువ్వులాంటి ఇడ్లీ" అంటాం. దేనిని పోల్చాం? ఇడ్లీని. దేనితో? మల్లెపువ్వుతో. పోలిక తెలిపే మాట ఏది? "లాంటి". ఇంక అసలు ప్రశ్న: దేంట్లో పోలిక? తెల్లదనంలో, మెత్తదనంలో. వాసనలోనా? కాదు కదా! మల్లెల వాసన వేస్తే ఆ ఇడ్లీ ఎవరు తింటారు? పోలిక అన్నింట్లోనూ కుదరదనీ, ఎంతవరకు కుదురుతుందో మనమే తేల్చుకోవాలనీ పిల్లలకు ఇలా తెలుస్తుంది. హైస్కూలుకి వెళ్ళాక దీన్నే ఉపమాలంకారమనీ, ఆ నాలుగు భాగాల్నీ ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం అనీ చెబుతారు. పేర్లు అప్పుడు వస్తాయి లెండి. ఇప్పుడు సంగతి తెలిస్తే చాలు. అలాగే "నీకు వెయ్యిసార్లు చెప్పాను" అని మనం రోజూ అంటూంటాం. నిజంగా వెయ్యిసార్లు చెప్పామా? నాలుగుసార్లు చెప్పి ఉంటాం. ఎందుకలా పెంచి చెప్పామో అడగండి. "నీకు కోపం వచ్చింది కనక" అని ఠక్కున చెబుతారు. అతిశయోక్తి వాళ్ళకి మన తిట్లలోనే వచ్చేసింది!

ఆరు, ఏడు రోజులు జాతీయాలు. ఒక పాత నోటుపుస్తకం తీసుకుని ప్రతి పేజీకి నడుమ గీత గీశాం. ఎడమపక్క మాటల్లో ఉన్నది ఉన్నట్టు బొమ్మ, కుడిపక్క అసలు అర్థానికి బొమ్మ. "కళ్ళు కాయలు కాశాయి" అంటే ఎడమపక్క రెండు కళ్ళకీ రెండు మామిడికాయలు వేలాడుతున్నాయి! ఇద్దరం పడిపడి నవ్వాం. అప్పుడు చెప్పాను. కాయ అంటే చెట్టుకాయే కాదు, పలుగూ పారా పట్టి పట్టి అరచేతిలో గట్టిపడిన చర్మాన్ని కూడా కాయ అంటారని. చూసి చూసి కళ్ళు కూడా అలా కాయలు కాశాయన్నమాట. కుడిపక్క గుమ్మంలో ఎదురుచూస్తున్న అమ్మ బొమ్మ వేసింది. అలాగే "కాలికి బుద్ధి చెప్పాడు", "గోడమీద పిల్లి", "చెవిని పెట్టలేదు". కొన్నిటికి బొమ్మ చాలదు, కథ కావాలి. గంగను తెచ్చిన భగీరథుడి కథ తెలియకుండా "భగీరథ ప్రయత్నం" అర్థం కాదు. త్రిశంకుడి కథ చెప్పకుండా "త్రిశంకు స్వర్గం" అర్థం కాదు. చివర ఒక నియమం పెట్టుకున్నాం. నేర్చుకున్న జాతీయంతో తన ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. పుస్తకంలోని ఉదాహరణ పనికిరాదు.

ఎనిమిది, తొమ్మిది రోజులు సామెతలు. ఇక్కడ పట్నం పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. సామెతలో ఉన్న వస్తువే ఇంట్లో ఉండదు. "చల్లకొచ్చి ముంత దాచడం" అంటాం. పాల పాకెట్టు, పెరుగు డబ్బా తప్ప తెలియని పిల్లకి, చల్ల అంటే మజ్జిగ అనీ, పాడి ఉన్నవాళ్ళింటికి ముంత పట్టుకుని మజ్జిగకు వెళ్ళేవారనీ, అడగడానికి మొహమాటపడి ఆ ముంత కొంగుచాటున దాచుకుంటే ఎలాగనీ చెప్పాలి. "రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవడం" మిక్సీ ఉన్న ఇంట్లో ఎలా తెలుస్తుంది? "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెతలో ఓడు అంటే ఓడిపోవడమనుకుంది మా అమ్మాయి. ఓటికుండ అంటామే, ఆ ఓటితనం, పగులు. ఆట రానివాళ్ళు మద్దెల పగిలిందని సాకు చెప్పారన్నమాట. ముందు వస్తువు, తర్వాత సంగతి, ఆ తర్వాత అర్థం. ఈ వరసలో చెబితే సామెత మనసులో ఉండిపోతుంది. అర్థం మాత్రం రాయించి బట్టీ పెట్టిస్తే పరీక్ష మర్నాటికి పోతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలున్నవారికీ ఇదే దారి. అక్కడ "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అని వస్తుంది. ఆకాశం నుంచి కుక్కలూ పిల్లులూ ఎందుకు పడ్డాయని పిల్లవాడు తెల్లమొహం వేస్తాడు. "మనం కుండపోత వాన అనమూ? అక్కడెవరైనా కుండలు పోస్తున్నారా?" అని అడిగి చూడండి. ఒక భాషలో ఈ కిటుకు తెలిసినవాడికి రెండో భాషలో భయం ఉండదు.

పదో రోజు ఆ పిల్లే మాస్టారు. నేను విద్యార్థిని. బేతాళ కథ ఒకటి తీసుకున్నాం. 1947 జూలైలో మొదలైన "చందమామ" పత్రిక ఇప్పుడు రావడం లేదు గాని, పాత సంచికలు కొన్ని మా ఇంట్లో ఉన్నాయి. ఆ బేతాళ కథల గొప్పతనం ఏమిటంటే, కథ చెప్పి చివర బేతాళుడు అడిగేది రాసి ఉన్న సంగతి కాదు. "అతనలా ఎందుకు చేశాడు?" అని అడుగుతాడు. విక్రమార్కుడు కథంతా కలుపుకుని జవాబు చెప్పాలి. నేను చెప్పిన రెండో రకం, మూడో రకం ప్రశ్నలు అవే! జవాబు భాగాన్ని కాగితంతో మూసి, ఆ పిల్ల నన్ను అడిగింది. నేను చెప్పగానే, "మీకెలా తెలిసింది?" అని ఎదురుప్రశ్న వేసింది. చాలా సంతోషమేసింది.

పది రోజుల్లో ఆ అమ్మాయి క్లాసు ఫస్టు వచ్చేసిందని చెప్పను. అలాంటి మంత్రాలేవీ లేవు. ఆ వారంలోనే వాళ్ళింట్లో తమ్ముడు గాజుగ్లాసు పగలగొట్టి, అమ్మ అడిగితే గోడవంక చూస్తూ నిలబడ్డాడట. ఈ పిల్ల వంటింట్లోంచే "అమ్మా, వాడు నీళ్ళు నములుతున్నాడు!" అందట. తల్లి ఆ మాట నాకు చెబుతూ నవ్వింది. ట్యూషను మాట మళ్ళీ ఎత్తలేదు. మొద్దు అన్న మాట కూడా మానేసింది. నాకు అన్నింటికన్నా పెద్ద లాభం అదే అనిపించింది. ఎనిమిదేళ్ళ పిల్లకి తను మొద్దునని ఒకసారి నమ్మకం కుదిరిందంటే, దాన్ని పోగొట్టడం ఏ ట్యూషను మాస్టారి తరమూ కాదు.

ఇప్పటి తెలుగు వాచకాల్లో పాఠం చివర ప్రశ్నలు ఇస్తున్నారు. వాటిని చూడండి. చాలా ప్రశ్నలు "ఎందుకు", "నువ్వయితే ఏం చేస్తావు" అన్నట్టే ఉంటాయి. వాటికి కూడా గైడు చూసి జవాబులు దింపిస్తే, ఆ ప్రశ్నలు ఇచ్చిన ప్రయోజనమే పోతుంది. పిల్లవాడు రాసిన జవాబు వంకరటింకరగా ఉన్నా సరే, వాడి సొంతం కానివ్వండి. అక్షరదోషాలు తర్వాత దిద్దుకోవచ్చు.

ఇంకొక్క మాట. పుస్తకంలో ఉన్న జాతీయం ఒకటి, మీ ఇంట్లో అనే మాట ఇంకొకటి కావచ్చు. మీది కరీంనగర్ కావచ్చు, కడప కావచ్చు, శ్రీకాకుళం కావచ్చు. "మీ నానమ్మ అనేది తప్పు, పుస్తకంలో ఉన్నదే రైటు" అని పిల్లలతో అనకండి. "మన వైపు ఇలా అంటాం, పుస్తకంలో అలా రాశారు, రెండింటికీ అర్థం ఒకటే" అని చెప్పండి. ఒకే సంగతిని రెండు విధాల చెప్పవచ్చునని తెలిసిన పిల్లవాడు, మాట వెనక ఉన్న అర్థాన్ని వెతకడం నేర్చుకుంటాడు.

ఈ పనికి వేరే వేళ పెట్టుకోనక్కర్లేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడగవచ్చు, జడ వేస్తూ అడగవచ్చు, బస్సు కోసం ఎదురుచూస్తూ అడగవచ్చు. మన నోళ్ళల్లో సామెతలకు కరువు లేదు. పిల్లల మీద కోపం వచ్చినప్పుడు ఎలాగూ ధారాళంగా వస్తూనే ఉంటాయి! ప్రసన్నంగా ఉన్నప్పుడు కూడా రోజుకొకటి వాళ్ళ చెవిని వెయ్యండి. దాని అర్థమేమిటో వాళ్ళనే చెప్పమనండి. చెప్పాక "నీకెలా తెలిసింది?" అని అడగడం మాత్రం మరిచిపోకండి.